బల్లకు గలీబు

ఆ పొద్దు ఆకాశం తెల్లారీ తెల్లారనట్టే ఉండిపోయింది. పుష్యమాసపు మంచు బిజినేపల్లి ఇళ్ల కప్పుల దాకా దిగి కూర్చుంది. దాని వెనక సూర్యుడు సిరీస్ బల్బులా మసకగా, ఎర్రగా, వేడి లేకుండా వెలుగుతున్నాడు.

ఆ పోలిక తట్టకపోయి ఉంటే బాగుండునని బుచ్చన్న అనుకున్నాడు. బోరు మోటర్లకు తీగ చుట్టి బతికేవాడికి ఆ మసక వెలుగు కన్నా చెడ్డ శకునం లేదు. చుట్టడం అయిపోయాక సిరీస్ బల్బు కొస ఒకటి తీగకు, ఇంకొకటి మోటరు ఇనుముకు ఆనించి చూస్తారు. బల్బు వెలగకుండా నల్లగా ఉండాలి. మసకగా వెలిగినా సరే, లోపల ఎక్కడో తీగ మీది తోలు చిరిగిందని అర్థం. అట్లాంటి దాన్ని బోరులో దించడమంటే తెలిసి తెలిసి తగలబెట్టడమే.

షట్టరు సగం ఎత్తి, నడుము పట్టుకుని కాసేపు అట్లాగే వంగి నిలబడ్డాడు. యాభై ఆరేళ్లు ఏమంత పెద్ద వయసు కాదు. కానీ ఈ మూడు వారాల్లో మోకాళ్లు ముసలివైపోయాయి.

మంచులోంచి ట్రాలీ ఆటో చప్పుడు వినబడింది. కురుమయ్యది. సైలెన్సరు ఊడి మూడు నెలలైంది కాబట్టి కళ్లు మూసుకున్నా గుర్తుపట్టవచ్చు. ట్రాలీలో బసవమ్మ కూర్చుని ఉంది, జాతరకు తీసుకుపోయే పొట్టేలును పట్టుకున్నట్టు మోటరు మెడ పట్టుకుని. నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరామె. రెండెకరాల చెలక, ఒక్క బోరు, ఒంటిచేతి సేద్యం.

"మామా, నీ బిడ్డ మళ్ల పుట్టింటికొచ్చింది," అన్నాడు కురుమయ్య దిగి, మోటరును చూపిస్తూ. "మూడోసారి. ఈసారన్న సారె పెట్టి తోలు. అత్తగారింట్ల జర నిలుస్తదేమో."

బుచ్చన్న నవ్వలేదు. ట్రాలీ వెనక డాలా తలుపు దించాడు. దారిలో మోటరు గుద్దుకోకుండా బసవమ్మ కింద తన పత్తి ఏరే ఒడిగుడ్డ పరిచింది. ఆ గుడ్డతో సహా మగవాళ్లిద్దరూ ఎత్తి లోపలి బల్ల మీద పెట్టారు.

"ఎనిమిది దినాలు పోసింది అన్నా," అంది బసవమ్మ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బుచ్చన్నకు తేలికయ్యేది. "తొమ్మిదో దినం బుర్రుమని ఆగింది. పల్లికి ఊడలు దిగినయి. కాయ పట్టే యాళ్ల. ఇంక నాలుగు దినాలు తడి లేకుంటే అన్ని పొల్లుకాయలే."

బుచ్చన్న సిరీస్ బల్బు కొసలు అందుకుని ఆనించాడు. బల్బు మసకగా, ఎర్రగా వెలిగింది. బయట ఉన్నదే లోపలికి వచ్చినట్టుంది.

కురుమయ్య ఆ వెలుగు చూసి, ఇంక ఎగతాళి చేయబుద్ధి కాక, చాయ్ తాగివస్తానని వెళ్లిపోయాడు.

బోరు మోటరు లోపలి గొట్టం మూరెడు పొడుగుంటుంది. దాని గోడలకు సన్నని గాడులుంటాయి. సూదిలో దారం దూర్చినట్టు ఆ గాడుల్లోంచి తీగ దూర్చి లాగాలి. ఈ కొస ఒకరు దూరిస్తే ఆ కొస ఒకరు అందుకుని, ఉన్న తీగంతా తమ వైపుకు లాగేసుకుని, పక్క గాడిలోంచి వెనక్కి పంపుతారు. అంటే ప్రతి చుట్టుకూ బారలకు బారల తీగ బల్ల మీద జరజరా అటు పోయి, జరజరా ఇటు రావాలి. ఇది ఇద్దరి పని. ఇరవై ఎనిమిదేళ్లుగా బల్లకు ఈ కొస బుచ్చన్న, ఆ కొస కాంతమ్మ.

భివండిలో కూలికి పోయిన కాలంలో బుచ్చన్న ఈ పని ఒక మరాఠీ మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. కాంతమ్మ బుచ్చన్న దగ్గర నేర్చుకుంది, ఏడాది తిరక్కముందే ఆయన కన్నా మెత్తగా లాగడం మొదలుపెట్టింది. చుట్లు లెక్కపెట్టేది ఆమే. కళ్లంలో గింజలు కొలిచినట్టు ఒకటి అనదు, 'లాభం' అంటుంది. లాభం, రెండు, మూడు. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

దసరా పోయినప్పటి నుంచి మోటర్లు తిరిగి రావడం మొదలైంది. నీళ్ల డ్రమ్ములో ముంచి చూస్తే బల్బు నల్లగానే ఉండేది. బోరులో దించాక వారానికో, పది రోజులకో కాలేది. ఒకటి, రెండు, మూడు. కార్తీకంలో బసవమ్మది. అదే మళ్లీ చుట్టిస్తే మార్గశిరంలో మళ్లీ అదే. నాలుగైదు ఊళ్ల వాళ్లు దుకాణంలో కూర్చుని చూస్తుండగా, చేతిలో మాడిన తీగ పట్టుకుని బుచ్చన్న పెళ్లాంతో అన్నాడు.

"నీ చెయ్యి మొద్దువారింది. పత్తి ఏరేటందుకు పనికొస్తది గని తీగకు పనికిరాదు."

కాంతమ్మ బల్ల దగ్గరి నుంచి లేచింది. చేతిలోని తీగను ముడిపడకుండా చుట్టి గోడ మొలకు తగిలించింది. తెల్లారి ఒడిగుడ్డ కట్టుకుని పత్తి కూలీల ఆటో ఎక్కింది. మరునాడూ ఎక్కింది. ఇంట్లో వంట చేసేది, ఆయనకు పెట్టేది. ఆయన తిని లేచి చెయ్యి కడుక్కున్నాక తాను పొయ్యి పక్కన కూర్చుని తినేది. ఇరవై ఎనిమిదేళ్లు దుకాణంలో ఒకే టిఫిన్ డబ్బా మూతలో తిన్న మనుషులు.

ఆ తర్వాత బసవమ్మ మోటరును బుచ్చన్న ఒక్కడే చుట్టాడు. ఈ కొస దూర్చడం, బల్ల చుట్టూ నడిచి ఆ కొసకు పోయి లాగడం, అక్కడ దూర్చి మళ్లీ నడిచి ఇటు రావడం. ఆ మోటరుకు ఆయన చేసినన్ని ప్రదక్షిణలు కురుమూర్తి స్వామి కొండ మీద కూడా ఎవరూ చేసి ఉండరు. మోకాళ్లు పోయాయి. లెక్క రెండుసార్లు తప్పి విప్పి చుట్టాడు. అయినా నా ఒక్కడి చెయ్యే కదా, ఇది కాలదు అనుకున్నాడు.

అది ఇప్పుడు బల్ల మీద పడి ఉంది.

"చెల్లె," అన్నాడు బుచ్చన్న. "చౌరస్తాల కొత్త దుకాణం పడ్డది. వనపర్తి పిల్లగాడు, మంచిగ చేస్తుండంట. ఆడికి తీస్కపో. నా చెయ్యి పోయింది."

"ఆ పిల్లగాడు నాకు తెల్వదు. నువ్వు తెలుసు."

"తెలిసేం లాభం."

"నీ చెయ్యి పోతే ఇంకో చెయ్యి ఉన్నది గద. కాంతమ్మేది?"

"పత్తికి పోతుంది."

బసవమ్మ ఆయన వంక ఒక చూపు చూసింది. "మోటరు చుట్టే చెయ్యి పత్తికి పోవుడేంది?" అంది. లేచింది. "నేను గుడ పత్తికే పోవాలె. జర మోటరు ఎత్తు అన్నా, నా ఒడి తీసుకుంట."

బుచ్చన్న మోటరు ఒక పక్క పైకెత్తాడు. ఆమె గుడ్డ లాగింది. గుడ్డ రాలేదు. ఇంకొంచెం లాగింది. చర్రుమంది.

"నీ బల్ల నా గుడ్డను పట్టుకుంటుంది అన్నా," అందామె, చిరుగు చూసుకుంటూ.

గుడ్డ వచ్చిన దారి పొడుగునా బల్ల మీద తెల్లటి పత్తి పోగులు లేచి నిలబడి ఉన్నాయి. మోచేతి మీద వెంట్రుకల్లా. ఒకటీ రెండూ కాదు. బుచ్చన్న మోటరు మెల్లగా దించి, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. గుడ్డకు అంటిన పత్తి కొంచెం పీకి, ఉండ చేసి, బల్ల మీద ఖాళీ జాగాలో తుడిచినట్టు లాగాడు. జానెడు పోయి పట్టుకుంది. విడిపించి ఇంకోచోట లాగాడు. అక్కడా పట్టుకుంది. వంగి, చెంప బల్లకు ఆనించి, షట్టరు వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా చూశాడు.

ఇనుప రజను. ఉలి ముక్కలు, బేరింగు పెంకులు, కత్తిరించిన రాగి తునకలు, చేప పొలుసుల్లా అంచులు పైకి లేపుకుని చెక్కలో దిగబడి ఉన్నాయి. వాటి మీదుగా పోయిన ప్రతిసారీ తీగ తోలు వెంట్రుకవాసి గీసుకుంటుంది, డ్రమ్ములో కనబడని ఆ గీత మోటరు తిరిగే వేడికి తెరుచుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ బల్ల మీదే ఉలి పెట్టి మాడిన తీగ కోశాడు. ఈ బల్ల మీదే సుత్తితో బేరింగులు కొట్టాడు. పటేలు ఇల్లు కూల్చినప్పుడు తెచ్చిన తలుపు రెక్క అది, నాలుగు వేళ్ల మందం నల్లమద్ది. ఎంత కొట్టినా ఓర్చుకుంది, కొట్టిన ప్రతిదాన్నీ కడుపులో దాచుకుంది.

మరి ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు గీస్తోంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సిన పని లేకపోయింది. వేళ్ల కింద చెక్క ఎర్రగా, శుభ్రంగా, చారలు కనబడేటట్టు మెరుస్తోంది. మూడు నెలల కిందటి దాకా అది చెక్కో రాయో తెలియకుండా నల్లగా ఉండేది. గ్రీజు, వార్నిషు, మసి కలిసి మేకతోలంత మందాన పెచ్చు కట్టి ఉండేది. కొత్త దుకాణం పిల్లవాడు తెల్లటి టైల్సు బల్ల పెట్టుకున్నాడు. అది చూసి వచ్చి కురుమయ్య అన్నాడు, "మామా, నీ బల్ల మీద ఇడ్లీ పెట్టి తీస్తే బొగ్గు అయితది." దసరాకు ముందురోజు బుచ్చన్న కిరోసిను, సోడా తెచ్చి, విరిగిన బ్లేడుతో పొద్దంతా గీకాడు. చెక్క ముఖం చూసి తనే మురిసిపోయాడు. పండగ నాడు పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి దండం పెట్టుకున్నాడు. ఎన్నడూ లేనిది ఆ ఏడాది ఆయుధపూజ అంత నిష్ఠగా చేశాడు. చేసి, తన చేతులతో తానే బల్లకు కోరలు పెట్టాడు.

"ఏమైంది అన్నా?" అంది బసవమ్మ.

"ఏం లేదు చెల్లె." అద్దాలు తీశాడు. "ఎల్లుండి పొద్దుగాల మోటరు దించుత. పైపులోళ్లకు చెప్పిపెట్టు."

బసవమ్మ సరేనంది. చిరిగిన గుడ్డ నడుముకు చుట్టుకుని మంచులో కలిసిపోయింది.

ఆమె పోయాక బుచ్చన్న స్టూలు మీద కూర్చున్నాడు. వడ్రంగితో రంద పట్టించి పైపొర తీసేద్దామంటే ఆ ఇనుముకు రంద పలక ముక్కలవుతుంది. మళ్లీ గ్రీజు పూద్దామంటే ఇరవై ఎనిమిదేళ్ల పెచ్చు ఒక్కపూటలో కట్టదు. కొత్త బల్ల చేయించే తాహతు లేదు, ఉన్నా ఎల్లుండికి కాదు. ఉన్నదాని ముఖం కప్పాలి. నున్నటి దానితో కప్పాలి. అది పాడైతే తీసి ఇంకోటి పెట్టుకునేటట్టు ఉండాలి.

తీగ ముక్కతో బల్ల పొడుగు, వెడల్పు కొలిచి, ముడులు వేసుకుని, కురుమయ్య ఆటోలో నాగర్‌కర్నూల్ పోయాడు. ప్లైవుడ్ దుకాణంలో రేకులు చూపించారు. రేకు అంచు కోస్తుంది, వద్దన్నాడు. చివరికి ఒక పక్క గరుకుగా, ఒక పక్క అద్దంలా నున్నగా ఉండే గోధుమరంగు హార్డుబోర్డు నచ్చింది. రెండు పలకలు కోయించాడు.

"అంటించేటందుకు బంక ఇయ్యమంటవా?" అన్నాడు దుకాణదారు.

"అంటించేది గాదు. తీసేది."

"తీసేదైతే పెట్టుడెందుకు?"

బుచ్చన్నకు విడమరిచి చెప్పే ఓపిక లేదు. పొట్లంలో స్క్రూలు కట్టించుకుని ఆటో ఎక్కాడు.

"ఏంది మామా, క్యారంబోర్డు కొన్నవా?" అన్నాడు కురుమయ్య. "మంచిదే. ఎట్లైనా దుకాణంల పని లేకపాయె."

"నడుపు అల్లుడా," అన్నాడు బుచ్చన్న.

మధ్యాహ్నమంతా మోటరు విప్పి, మాడిన తీగ కోసి తీశాడు. బల్ల మీద కాదు. దుకాణం ముందరి బండ మీద, ఎండలో కూర్చుని. మంచు విడిచినా ఎండకు బలం లేదు. ఉలి మీద ప్రతి దెబ్బకూ ఆయనకు కాంతమ్మతో అన్న మాట చెవిలో పడుతోంది. చౌరస్తా దుకాణం ఉండనే ఉంది, బోర్లున్న వాళ్లు ఎక్కడికైనా పోతారు. కానీ ఆ కొస ఖాళీగా ఉంటే ఈ కొసకు విలువ లేదు. ఒక్కడే ఇంకో మోటరు చుట్టలేడు. కాళ్లు ఒప్పుకోవు. కాళ్లు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు.

పొద్దుగూకే వేళకు ఆయన ఇల్లు చేరేసరికి కాంతమ్మ అప్పుడే ఆటో దిగి, వాకిట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. పత్తికాయ గుల్లల మొనలు గీసి, గోళ్ల పక్కనంతా ఎర్రటి గాట్లు. నీళ్లు తగిలినప్పుడల్లా పళ్లు బిగిస్తోంది. మూడు వారాలుగా ఆ చేతులు ఆయనకు అన్నం పెడుతున్నాయి, ఆయన వాటి వంక చూడలేదు.

హార్డుబోర్డు గోడకు ఆనించాడు. స్క్రూల పొట్లం గద్దె మీద పెట్టాడు.

"అదేంది?" అంది కాంతమ్మ, ఆయన వంక చూడకుండా.

"బల్ల మీదికి."

"బల్లకేమైంది?"

"తీగను గీస్తుంది." కొంచెం ఆగాడు. "ఇనుప ముక్కలు లేచినయి. పత్తి లాగితే పట్టుకుంటున్నయి. మసి ఉన్నన్ని దినాలు మసి కింద ఉండె. బసవమ్మ మోటరు మళ్లొచ్చింది. నేనొక్కణ్నే చుట్టింది."

కాంతమ్మ చేతులు తుడుచుకోవడం ఆపింది.

"మసి తీసిందెవరు?"

"నేనే."

"దాని మసి దానికుండనీ అంటి గద, ఆ పొద్దు."

"అంటివి."

అంతే. ఆయన ఇంకా ఏదో అంటాడేమోనని ఆమె కాసేపు నిలబడింది. ఆయన నోట్లో మాట ఉంది గాని బయటికి రాలేదు. తరవాత ఆమె గద్దె దగ్గరికి వచ్చి పొట్లం విప్పి చూసింది.

"ఇవేంది?"

"స్క్రూలు. పైనుంచి బిగిస్త."

"మళ్ల ఇనుమే."

"తలలు లోపలికి దించుత."

"ఇయ్యాల దిగుతయి. రేపు చెక్క ఎండితే లేస్తయి. తీగ మళ్ల వాటి మీదికెళ్లే పోవాలె." పొట్లం మడిచి పక్కన పెట్టింది. "పాడైతే తీస్తవా, ఇంక అదే ఉంటదా?"

"తీయాలె. అందుకే రెండు తెచ్చిన."

"అయితే దిండు గలీబు లెక్క ఉండాలె. మాస్తే తీసుడు, ఇంకోటి తొడుగుడు. గలీబుకు ఎవరన్న మొలలు కొడతరా?"

మోటరు గాడుల్లో తీగ నిండాక అది బయటికి రాకుండా వెదురు చీలలు దిగగొడతారు. వాటిని చెక్కడం కాంతమ్మ పని. దూలంలో దోపిన వెదురు కట్టలోంచి లావుపాటి బద్ద ఒకటి లాగి, కణుపు చూసి, కత్తి తీసుకుంది.

"చిటికెన వేలంత లావు చాలునా?"

"చాలు. ఆరు."

"కింది దాకా బెజ్జం వెయ్యి. ఎన్నడన్న తీయాలంటే కిందికెళ్లి పుల్ల పెట్టి కొడితే ఊడొస్తది."

బుచ్చన్న తలూపాడు. ఆమె చెక్కుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కత్తి మొన కింద వెదురు పొర పొరగా లేస్తోంది. ఆ చెయ్యి ఎక్కడా వణకలేదు. మొద్దువారిన చెయ్యి అట్లా చెక్కదు. మూడు వారాల కిందట కూడా అది అంతే మెత్తగా ఉంది.

"రేపు పత్తికి పోవాలె," అంది కాంతమ్మ తల ఎత్తకుండా. "మేస్త్రమ్మకు మాటిచ్చిన."

"ఊ."

ఆ రోజు కూడా ఆయనకు ముందు పెట్టి, తాను తర్వాతే తిన్నది.

తెల్లారి బుచ్చన్న ఒక్కడే దుకాణం తెరిచాడు. బల్ల మీద సుత్తి తిరగేసి, లేచిన ముక్కలన్నీ అణగ్గొట్టాడు. హార్డుబోర్డు నున్నటి ముఖం పైకి పెట్టి, అంచులు సరిచూసి, బరువుకు రెండు ఇనుప గొట్టాలు పెట్టాడు. నాలుగు మూలలా నాలుగు, నడుమ పక్కలకు రెండు గుర్తులు పెట్టి, డ్రిల్లుతో పలకలోంచి, తలుపు రెక్కలోంచి కింది దాకా బెజ్జాలు వేశాడు. నల్లమద్ది పొట్టు ఎర్రగా పాదాల మీద రాలింది.

పత్తి కూలీల ఆటో హారను వినబడింది. మూల మీద ఆగింది. ఆడవాళ్ల మాటలు, ఒక నవ్వు. బుచ్చన్న డ్రిల్లు ఆపాడు గాని అటు చూడలేదు. ఆటో కదిలి, రోడ్డెక్కి, చప్పుడు దూరమైపోయింది. ఆయన మళ్లీ డ్రిల్లు నొక్కాడు. చీలలు ఇంట్లోనే మరిచి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఇంత దూరం మళ్లీ నడవాలి.

గుమ్మంలో నీడ పడింది. కాంతమ్మ. కొంగులో ఆరు చీలలు, నూనె పట్టించి ఉన్నాయి.

"ఆటో పోయింది," అంది.

"ఊ," అన్నాడు బుచ్చన్న.

చీల ఒక్కొక్కటి ఆమె అందిస్తుంటే ఆయన కర్రసుత్తితో దించాడు. పైకి మిగిలిన తలలను బ్లేడుతో పలకకు సమంగా కోసి, గరుకు కాగితంతో రుద్దాడు. కాంతమ్మ ఒడిలోంచి పత్తి ఉండ ఒకటి తీసింది. అది కూడా ఇంటి నుంచి తెచ్చుకుంది. ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ అడ్డంగా, ముగ్గు గీతలు లాగినట్టు పలకంతా లాగి చూసింది. నడిమి చీల మీద ఒక్క పోగు పట్టుకుంది. వేలు పెట్టి చూపించింది. ఆయన మళ్లీ రుద్దాడు. ఆమె మళ్లీ లాగింది. పత్తి ఆగకుండా జారిపోయింది.

బుచ్చన్న ఉలి, సుత్తి, పట్టకార్లు అన్నీ ఎత్తుకుపోయి బయట బండ పక్కన పెట్టి వచ్చాడు. ఇనుప పని ఇక అక్కడే. గొట్టాన్ని బల్ల మీద పెట్టి, కొత్త తీగ కొస గాడిలో దూర్చాడు. ఆ కొస ఎవరో అందుకున్నారు. తీగ మెల్లగా, బెదరకుండా, చప్పుడు కూడా లేకుండా ఆయన చేతిలోంచి పోయింది.

"లాభం," అంది కాంతమ్మ.

ఆ పూటంతా వాళ్ల మధ్య అంకెలు తప్ప ఇంకో మాట లేదు. గాడికి ముప్పై ఆరు దాకా పోవడం, మళ్లీ లాభం దగ్గరికి రావడం. మధ్యలో ఆమె వేళ్ల గాట్లకు గుడ్డపేలిక చుట్టుకోవడానికి రెండుసార్లు ఆగింది. ఆయన మోకాళ్లు కదిలే పని లేక అట్లాగే బిగుసుకుపోయాయి. పొద్దు వాలేసరికి చుట్టడం అయింది. గొట్టాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి షట్టరు వేశారు.

మూడోనాడు పొద్దున నీళ్లలోంచే కొసలు తీసి బల్బు ఆనించాడు. బల్బు నల్లగా ఉంది. దానికేం, పోయినసారి కూడా నల్లగానే ఉంది. మోటరు బిగించి, కురుమయ్యను పిలిచారు.

"అత్తా, నువ్వొచ్చినవా?" అన్నాడు కురుమయ్య, ట్రాలీ ఎక్కుతున్న కాంతమ్మను చూసి. "ఇగ మామకు ప్రదక్షిణలు తప్పినయి. మొక్కు తీరినట్టే."

"నీ సైలెన్సరు మొక్కు ఎప్పుడు తీరుస్తవు?" అంది కాంతమ్మ. మూడు వారాల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి వేళాకోళం అది. బుచ్చన్న మోటరు మెడ పట్టుకుని పక్కకు తిరిగి కూర్చున్నాడు.

చెలకలో పల్లి ఆకులు పొద్దున్నే ముడుచుకుని ఉన్నాయి. పైపులవాళ్లు మోటరుకు తాడు కట్టి, పైపు మీద పైపు బిగించి దించుతుంటే రెండు గంటలు పట్టింది. స్టార్టరు నొక్కింది బసవమ్మే. ముందు గాలి వచ్చింది, తర్వాత దగ్గినట్టు ఎర్ర నీళ్లు, తర్వాత తెల్లవి. పైపులవాళ్లు తమ సామాను సర్దుకుని ఇంకో బోరు ఉందని వెళ్లిపోయారు. బసవమ్మ చీర ఎగ్గట్టి, పార తీసుకుని మొదటి సాళ్లకు నీళ్లు మలిపింది. నేల ఆ నీళ్లను చప్పుడు చేస్తూ తాగింది.

"పది దినాలు పోనియ్యి చెల్లె," అన్నాడు బుచ్చన్న, ఆమె తిరిగి వచ్చాక. "అప్పుడు గని ఏ మాట చెప్పలేను."

"పది దినాలకు కాయ గట్టిపడతది. నాకు గంత చాలు," అంది బసవమ్మ. "కూసోండ్రి. రొట్టె తిని పోదురు."

గట్టు మీద కానుగ చెట్టు నీడలో గుడ్డ మూట విప్పింది. జొన్న రొట్టెలు, పల్లి కారం, ఉల్లిగడ్డలు. ఒక్కొక్కరి చేతిలో రెండేసి రొట్టెలు పెట్టి, మీద కారం వేసింది. బుచ్చన్న అలవాటు కొద్దీ కాంతమ్మ వైపు చూశాడు, ఆమె తన తిండి అయ్యేదాకా కూర్చుంటుందేమోనని. కాంతమ్మ తన రొట్టె తీసుకుని, వచ్చి ఆయన పక్కనే గట్టు మీద కూర్చుని, మొదటి ముక్క తుంచింది.

కారం తగిలి ఆమె వేళ్లు వెనక్కి ముడుచుకున్నాయి. పేలిక తడిసి ఊడిపోయినట్టుంది. బుచ్చన్న లేచి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ పైపు దాకా పోయి, చెంబులో నీళ్లు పట్టుకొచ్చి ఆమె ముందర పెట్టాడు. ఆమె వేళ్లు నాలుగూ చెంబులో ముంచి, కాసేపు అట్లాగే ఉంచి, తీసి, మళ్లీ రొట్టె తుంచింది. కురుమయ్య ఏదో అనబోయి, ఉల్లిగడ్డ కొరికి ఊరుకున్నాడు. నలుగురూ తిన్నారు. పైపులోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి.